ఇంటర్ ఫస్టియర్: ఫిజిక్స్ రెండో పాఠానికి ముందే డెరివేటివ్స్ చెప్పేయాలా? (చర్చ)

కావలి ఫిజిక్స్:
కావలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కాలేజీ తెరిచిన ప్రతిసారీ ఎదురయ్యే చిక్కు ఇది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్‌లో రెండో పాఠమే సరళరేఖలో చలనం. తక్షణ వేగం (ఆ ఒక్క క్షణంలో ఉన్న వేగం) అనగానే డీఎక్స్ బై డీటీ, అంటే స్థానం మారే రేటు చెప్పే డెరివేటివ్, వచ్చి కూర్చుంటుంది. లెక్కల పుస్తకంలో అవధులు (లిమిట్స్), అవకలజాలు (డెరివేటివ్స్) పన్నెండో పాఠం, అంటే ఏడాది చివర్లో. ఫిజిక్స్ ఐదో పాఠంలో మారే బలం చేసే పనికి ఇంటిగ్రేషన్ (చిన్న చిన్న ముక్కలుగా చేసి కూడటం) కావాలి. అది లెక్కల్లో మరుసటి ఏడాది గానీ రాదు. సదిశలూ (వెక్టర్స్) అంతే. పాత తెలుగు అకాడమీ 1ఏ లెక్కల పుస్తకంలో సదిశలు ఫస్టియర్‌లోనే ఉండేవి కాబట్టి అప్పట్లో కొంత ఆసరా ఉండేది.

తర్వాతి పాఠం దేని మీద నిలబడుతుందో దాన్ని ముందు చెప్పాలని నా వాదన. మొదటి పది పీరియడ్లు ఫిజిక్స్ ఆపి డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, వెక్టర్స్ చెప్పేసి అప్పుడు పాఠంలోకి దిగితే ఏడాదంతా పని తేలికవుతుంది. మీరేమంటారు?

ఒంగోలు లెక్కల మేడం:
నేను ఒప్పుకోను సార్. ఆ పది పీరియడ్లలో పిల్లలకు మిగిలేది "ఘాతం ముందుకు తెచ్చి రాయి, పైన ఒకటి తగ్గించు" అన్న చిట్కా ఒక్కటే. పన్నెండో పాఠం మొదలుపెట్టగానే "ఇది మాకొచ్చు మేడం" అంటారు. అవధి అంటే ఏంటో చెబుతుంటే ఒక్కరు వినరు. మాడ్ ఎక్స్‌కి (మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్ విలువకి) సున్నా దగ్గర అవకలజం ఎందుకు లేదో అడగండి, క్లాసంతా నిశ్శబ్దం. అక్కడ ఫార్ములా పనికిరాదు కదా.

ఇంకో సంగతి. లెక్కల్లో ముందు సమితులు, తర్వాత ప్రమేయాలు (ఫంక్షన్లు) పెట్టడానికి కారణం ఉంది. ప్రమేయం తెలియని పిల్లవాడికి అవకలజం దేనికి కనుక్కుంటున్నామో కూడా తెలియదు. పొదిలి, దర్శి వైపు హైస్కూళ్లలో తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలు మొదటి నెల ఇంగ్లీషు పుస్తకానికి అలవాటు పడటానికే అవస్థ పడుతుంటారు. సరిగ్గా అప్పుడే మూడు కొత్త విషయాలు మీద పడేస్తే "ఎంపీసీ నాకు రాదు" అని వాళ్లే తీర్మానించుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం అది.

నెల్లూరు పేరెంట్:
మా వాడు హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. వారం వారం పరీక్ష, దాని షెడ్యూల్ పైనుంచి వస్తుంది. లెక్చరర్ వరస మార్చారంటే ఆ వారం మార్కులు పడిపోతాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. జ్వరమొచ్చి నాలుగు రోజులు క్లాసు పోగొట్టుకున్న పిల్లవాడు పుస్తకం తెరిస్తే ఏ పేజీ నుంచి చదువుకోవాలి? పుస్తకం వరసలో పోతే ఆ తిప్పలు ఉండవు. మార్చాలనుకునే సార్లు దీనికి కూడా సమాధానం చెప్పాలి.

కావలి ఫిజిక్స్:
మేడం, ఫార్ములా లేకుండా చెప్పవచ్చని నా నమ్మకం. ఒంగోలు నుంచి నెల్లూరు దాదాపు 120 కిలోమీటర్లు. బస్సు రెండున్నర గంటల్లో చేరితే సగటున గంటకు 48. కానీ సింగరాయకొండ దాటాక డ్రైవర్ ముందున్న ముల్లు 80 మీద ఉంటుంది. ఆ 80 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే పిల్లలు ఆలోచనలో పడతారు.

అప్పుడు చిన్న లెక్క ఇస్తాను. స్టాండు నుంచి కదిలిన బస్సు, ఎన్ని సెకన్లయితే దాని వర్గమంత మీటర్లు పోయిందనుకోండి. రెండో సెకను నుంచి మూడో సెకను దాకా సగటు 5. రెండు నుంచి 2.1 దాకా 4.1. రెండు నుంచి 2.01 దాకా 4.01. వ్యవధి తగ్గేకొద్దీ విలువ 4 వైపు పోతోందని పిల్లలే చెబుతారు. దీనికి ప్రమేయం నిర్వచనం అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు.

ఉదయగిరి రిటైర్డ్ హెడ్మాస్టర్:
సార్, మీరు చెప్పిన లెక్కలాంటి పట్టిక ఆ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. 0.08 ని కాలం ఘనంతో గుణిస్తే స్థానం వస్తుందనుకుని, నాలుగో సెకను దగ్గర వ్యవధిని తగ్గించుకుంటూ పోయి సెకనుకు 3.84 మీటర్లకు చేరుస్తారు. పరీక్షలో అడగరని చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు. తిప్పేసి, వరస బాగాలేదని పుస్తకాన్ని అంటే ఎలా?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఒక భావాన్ని మొదట పిల్లల స్థాయిలో పరిచయం చేసి, తర్వాత అదే భావం దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి ప్రతిసారీ కాస్త లోతుగా చెప్పాలన్నాడు. అందుకని "ముందా, తర్వాతా" అని మీరిద్దరూ వాదించుకోవడం నాకు సరిగ్గా తోచడం లేదు. రెండుసార్లూ చెప్పాలి. అయితే మొదటిసారి ఎక్కడ ఆపాలో తెలియాలి. ఇంటిగ్రేషన్ సూత్రాల దాకా పోతే మేడం భయపడిందే జరుగుతుంది.

అభ్యాసం లెక్కల వరస గురించి ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలో రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఘనాకృతుల ఘనపరిమాణాలు కనుక్కునే లెక్కలను కాలేజీ విద్యార్థుల్లో కొందరికి ఒక్కో రకం గుంపుగా ఇచ్చారు, కొందరికి కలిపి ఇచ్చారు. అభ్యాసం చేస్తున్నప్పుడు గుంపుగా చేసినవాళ్లే ముందున్నారు, వాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్ష పెడితే గుంపుగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63. మన వారాంతపు పరీక్ష ఒక్క పాఠానికే పరిమితమైతే మార్కులు బాగా కనిపిస్తాయి, పబ్లిక్ పరీక్షలో గానీ అసలు సంగతి బయటపడదు. పేరెంట్ గారు ఆ మార్కులకు మరీ కంగారు పడనక్కర్లేదు.

కనిగిరి బీటెక్:
మాకు మొదటి వారంలోనే ఇంటిగ్రేషన్ ఫార్ములాల కాగితం ఇచ్చి బట్టీ పట్టమన్నారు. పట్టాం. పరీక్షలో రాశాం. దాని అర్థం సెకండియర్ లెక్కల్లో తెలిసింది. కానీ వేగం, కాలం గ్రాఫ్ కింద గళ్లు లెక్కపెట్టి స్థానభ్రంశం కనుక్కోమన్న రోజు మాత్రం బాగా గుర్తుంది, అది మొదటి రోజే అర్థమైంది. గ్రాఫుతో మొదలుపెట్టండి సార్.

ఒంగోలు లెక్కల మేడం:
హెడ్మాస్టర్ గారి మాటతో కొంతవరకు ఏకీభవిస్తాను. నావి రెండు షరతులు. పట్టిక, గ్రాఫు వాలు, గ్రాఫు కింద వైశాల్యం, ఇక్కడ ఆగండి. ఘాత సూత్రం చెప్పకండి. ఇంకొకటి, మీరు క్లాసులో చేయించిన పట్టిక కాగితం నాకివ్వండి. పన్నెండో పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాను. "ఫిజిక్స్ సారు ఇక్కడ ఆపారు, 4 అని ఎలా ఖాయం చేస్తాం?" అని అడిగితే అవధి ఎందుకు కావాలో వాళ్లకే తెలుస్తుంది. ఒకే కాలేజీలో లెక్కల స్టాఫూ ఫిజిక్స్ స్టాఫూ కూర్చుని మాట్లాడుకోకపోతే ఏ వరస పెట్టినా లాభం లేదు.

కావలి ఫిజిక్స్:
రెండు షరతులకూ సరే మేడం. పది పీరియడ్ల ఆలోచన వదిలేస్తున్నా. రెండో పాఠం లోపలే పట్టికకు, వాలుకు, వైశాల్యానికి ఒక్కో పీరియడ్ ఇస్తాను. ఐదో పాఠంలో స్ప్రింగు చేసే పనికి మళ్లీ ఆ వైశాల్యాన్నే వాడతాను. బలం, సాగుదల గ్రాఫు త్రిభుజమే కాబట్టి సగం భూమి ఇంటూ ఎత్తు చాలు. పేరెంట్ గారూ, ఏ వారం ఏ పేజీలో చెప్పి తర్వాత ఏ పేజీకి వస్తామో కాగితం మీద రాసి గోడకు అంటిస్తాను, పిల్లల నోట్సులోనూ రాయిస్తాను. పరీక్ష షెడ్యూల్ మార్చడం నా చేతిలో లేదు.

సదిశల సంగతి మాత్రం తేలలేదు. సంకలనం మూడో పాఠంలో చెబుతాం, అది సరే. బిందు లబ్ధం (డాట్ ప్రాడక్ట్) పని దగ్గర చెప్పుకోవచ్చు. వజ్ర లబ్ధానికి (క్రాస్ ప్రాడక్ట్) టార్క్, అంటే బలం తిప్పే ప్రభావం, వచ్చేదాకా ఆగాలా, రెండు లబ్ధాలూ ఒకేచోట చెబితే తేడా బాగా తెలుస్తుందా? ఫస్టియర్‌కి చెప్పినవాళ్లు రాయండి.

ఒంగోలు లెక్కల మేడం:
ఆగండి. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ కాస్ రాయాలో, ఎక్కడ సైన్ రాయాలో తారుమారు చేస్తారు. టార్క్ దగ్గర తలుపు గడియను ఏ వైపుకు లాగితే తలుపు తిరుగుతుందో చూపించి అక్కడే చెప్పండి.