పాత గన్ను గేమ్ కొత్త టీవీలో ఆడటం ఎలా? బాతు చావట్లేదు

పేటపిల్ల

నమస్కారమండీ. మాది చిలకలూరిపేట. 1996 నుంచి 2003 దాకా మా నాన్న బజార్లో టీవీ గేముల కొట్టు నడిపారు. మూడు చిన్న టీవీలు, మూడు గేము పెట్టెలు, నేల మీద గోనెపట్టాలు. గంటకి నాలుగు రూపాయలు. ఎవడు ఎప్పుడు కూర్చున్నాడో పొడుగు పుస్తకంలో రాసి, గడియారం చూసి "టైమైంది, లెయ్" అనడం నా డ్యూటీ. సెలవుల్లో అయితే అన్నం కూడా అక్కడే.

కాంట్రాలో ముప్పై లైఫులొచ్చే కిటుకు గుర్తుందా? పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. దాన్ని సుద్దముక్కతో గోడ మీద రాయించింది మా నాన్నే. మూడు లైఫులైతే కుర్రాళ్లు పది నిమిషాల్లో విసుక్కుని లేచిపోతారు, ముప్పై ఉంటే ఇంకో గంటకి డబ్బులిస్తారు. వ్యాపారం మరి.

విషయానికొస్తా. పోయిన నెల అటక దులుపుతుంటే ఒక పెట్టె, గన్ను, ఆరు కేసెట్లు బయటపడ్డాయి. ఒకదాని మీద "9999 ఇన్ 1" అని ఉంది. లెక్కపెడితే ముప్పై ఆటలు కూడా లేవు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. కేసెట్ల పిన్నులు పచ్చబడిపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. పెట్టె వెలిగింది! మారియో, కాంట్రా, ట్యాంకులు అన్నీ మా ఎల్‌ఈడీ టీవీలో వస్తున్నాయి.

గన్నుతో ఆడే బాతుల ఆట ఒక్కటే ఏడిపిస్తోంది. ట్రిగ్గర్ నొక్కితే తెర మెరుస్తుంది, బాతు మాత్రం హాయిగా ఎగిరిపోతుంది. గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతుంది. తెరకి గన్ను ఆనించి కాల్చినా అంతే. నాన్న జీవితంలో ఆడిన ఆట అదొక్కటేనండీ. రాత్రి షట్టర్ సగం దించాక, స్టూలు మీద కూర్చుని ఒక్క రౌండు కొట్టి ఇంటికొచ్చేవారు. గన్ను పోయిందంటారా? కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

ఖాళీగా_ఉన్నా

ఇంత శ్రమ ఎందుకండీ. ఫోన్లో ఎమ్యులేటర్ వేసుకోండి, అన్ని గేములూ ఐదు నిమిషాల్లో వస్తాయి. బాతుని వేలితో నొక్కితే చచ్చిపోతుంది.

పేటపిల్ల

వేసి చూపించానండీ. నాన్న రెండు బాతుల్ని నొక్కి, "ఇది దోమల్ని చంపినట్టుంది" అని ఫోన్ తిరిగిచ్చేశారు.

సోల్డర్_బాబాయ్

అమ్మాయ్, గన్ను పారేయకు. నూటికి తొంభై పాళ్లు తప్పు టీవీది.

ఆ గన్నులోంచి ఏమీ బయటికి రాదు. గొట్టం లోపల ఉండేది వెలుతురు పట్టే చిన్న కన్ను, అంతే. నువ్వు ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరంతా ఒక్క క్షణం నల్లగా చేస్తుంది. వెంటనే బాతు ఉన్నచోట ఒక తెల్ల గడి వేస్తుంది. సెకనుకి యాభై అరవై సార్లు మారే బొమ్మలో అది ఒక్క బొమ్మ, అందుకే నీకు మెరుపులా కనిపిస్తుంది. ఆ ఘడియలో గన్నుకి ముందు చీకటి, తర్వాత తెలుపు కనిపిస్తే బాతు పడుతుంది. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకదానికి గడి వేస్తుంది, ఏ గడికి వెలుతురు తగిలిందో దాన్ని బట్టి ఏ బాతో తేలుతుంది.

వెనక లావుగా ఉండే పాత పెట్టె టీవీ, సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీత గీతగా తెర మీద గీసేస్తుంది. మీ ఎల్‌ఈడీ అలా కాదు. బొమ్మను ముందు తనలో దాచుకుని, సైజు సరిచేసి, తీరిగ్గా చూపిస్తుంది. తెల్ల గడి నీ కంటికి కనిపించేసరికి ఆట "తగల్లేదు" అని రాసేసుకుంది. దానికి తోడు, మంచి గన్నులో పెట్టె టీవీ గీతల వేగానికి వచ్చే మినుకునే పట్టే సర్క్యూట్ ఉంటుంది. ఎల్‌ఈడీలో ఆ మినుకే లేదు. నువ్వు తెరకి ఆనించినా, నుదుటికి ఆనించినా ఒకటే.

పెట్టె టీవీ ఒకటి చూడు. "100 హెర్ట్జ్" అని రాసున్నది వద్దు, అదీ బొమ్మను దాచుకునే రకమే. వెనక మూత మాత్రం విప్పకు, ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవుంటుంది. నేను ఒకసారి ఎగిరి గోడకి కొట్టుకున్నా. గన్నే నిజంగా పోయిందని తేలితే, కొత్తది కొనేముందు ప్లగ్గు చూసుకో. 9 పిన్నులవీ ఉంటాయి, 15 పిన్నులవీ ఉంటాయి.

పేటపిల్ల

బాబాయ్, పాతికేళ్ల అనుమానం తీర్చేశారు! కొట్లో ఒక గడుగ్గాయి గన్నుని బల్బు వైపు పెట్టి కాల్చేవాడు, వెలుతురుంటే చాలు తగులుతుందని ఎవరో చెప్పారట. ఒక్కసారీ పడలేదు. ముందు చీకటి కనపడాలి కాబట్టే కదా?

సోల్డర్_బాబాయ్

అందుకే. దొంగవేషాలు వేస్తారని ముందే ఊహించి పెట్టారు. ఇంకోటి విను. ఒకే బాతు వచ్చే ఆటలో ఇంకొకరు జాయ్‌స్టిక్ పట్టుకుని బాతుని తిప్పొచ్చు. మీ కొట్లో ఎవరికైనా తెలుసా?

కోఠీ_గల్లీ

అక్కా, పెట్టె టీవీ కోసం ఊళ్లో పాత ఇనుప సామాన్ల కొట్లలో అడగండి. వాళ్లకది బరువు తప్ప ఏమీ కాదు, కాస్త ఎక్కువిస్తే ఇచ్చేస్తారు. హైదరాబాద్ వస్తే ఆదివారం ఎర్రగడ్డ సంతలో తిరగండి. అమ్మేవాడిని ప్లగ్గు పెట్టి చూపించమనండి, నేను ఒకటి అలా అడక్కుండా మోసుకొచ్చి బాల్కనీలో స్టాండుగా వాడుతున్నా.

అమెరికా చుట్టాలు ఒరిజినల్ కేసెట్లు పంపిస్తామంటే తొందరపడకండి. మన పెట్టెలు 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే నింటెండో గేము పెట్టెకి నకళ్లు, కేసెట్‌కి 60 పిన్నులు. అమెరికాది 72 పిన్నులు, దూరదు.

పోనీ న్యాయంగా డబ్బులిచ్చి కొందామన్నా బాతుల ఆట దగ్గర దారి సగంలో ఆగిపోతుంది. కాంట్రా అయితే 2019లో దాన్ని తయారుచేసిన కొనామీ వాళ్ల సంకలనంలో వచ్చింది, కంప్యూటర్లోనూ ఆడొచ్చు. బాతుల ఆటని నింటెండో వాళ్లు తమ వీ యూ అనే గేము పెట్టెకి డౌన్‌లోడుగా అమ్మారు, ఆ డౌన్‌లోడ్ల దుకాణాన్ని 2023 మార్చిలో మూసేశారు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అదే ఏడాది లెక్క తేల్చింది. మన దగ్గర ఆ లెక్క ఎవరు వేస్తారు? మనం ఆడిందే నకలు. ఆ నకళ్లు కూడా మీ అటక లాంటి చోట్లే మిగిలాయి.

కొత్త టీవీలోనే ఆడాలంటే సిండెన్ అని ఒక గన్ను ఉంది. దానికి కెమెరా ఉంటుంది, తెర చుట్టూ వేసిన తెల్ల అంచుని చూసి గురి లెక్కగడుతుంది. కానీ కంప్యూటర్ కావాలి, ఖరీదెక్కువ. నాన్నగారి చేతికి మాత్రం ఆ పాతదే అలవాటు కదా.

పేటపిల్ల

దొరికింది! మా పిన్ని వాళ్లింట్లో బియ్యం డ్రమ్ము పక్కన, పాత చీర కప్పి ఉన్న 21 అంగుళాల టీవీ. ఇద్దరం కలిసి ఆటోలోకి ఎక్కించేసరికి నడుములు పోయాయి. ఆన్ చేస్తే కుడి మూల ఊదారంగు మచ్చ. భయపడి మళ్లీ మీకు రాద్దామనుకునేలోపే నాన్న చూసి, పక్కనున్న స్పీకర్ పెట్టెని అవతలికి జరిపారు. అయస్కాంతమట. టీవీ ఆపి, అరగంటాగి వేస్తే మచ్చ పోయింది. కొట్లో రోజూ చేసిన పనేనట, నాకే తెలియదు.

గన్ను పనిచేసింది బాబాయ్. నాన్న మొదటి రౌండులో పదికి నాలుగు కొట్టి, కుక్క నవ్వితే దాన్ని నాలుగు తిట్టారు. కళ్లజోడు మార్చుకొచ్చి మళ్లీ కూర్చున్నారు. బాతుని నేను జాయ్‌స్టిక్‌తో తిప్పుతున్నానని ఇంకా చెప్పలేదు.