దేశంలో ఉత్తమ కామిక్ పుస్తకాన్ని ప్రజల ఓటుతో ఎన్నుకోవచ్చా?

కాలువగట్టు (భీమవరం):
మా ఊరి పాఠకులం కొందరం కలిసి, ఈ వేసవి సెలవుల్లో పిల్లలచేతా పెద్దలచేతా ఫోను ద్వారా ఓట్లు వేయించి, మన దేశంలో వచ్చిన కామిక్ పుస్తకాలలో ఉత్తమమైనదానిని ఎన్నుకోవాలనుకుంటున్నాము. ఒక ఫోను నంబరుకు ఒకటే ఓటు. అమర చిత్రకథ, చాచా చౌదరి, నాగరాజ్ జాబితాలో ఉన్నాయి. ఈ పద్ధతి సమంజసమేనా అన్నది తెలియజేయగలరు.

నరసాపురం మాస్టారు:
ఏమాత్రం సమంజసం కాదు. 2007లో ప్రపంచపు కొత్త ఏడు వింతలంటూ ఓట్లు పెట్టినప్పుడు, తాజ్‌మహల్‌ను ఎన్నడూ చూడనివారు కూడా దానికి ఓటు వేయమని ఒకరికొకరు సెల్‌ఫోన్ సందేశాలు పంపుకున్నారు. ఆ పోటీతో తనకు సంబంధం లేదనీ, అది ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవారి అభిప్రాయం మాత్రమేననీ యునెస్కో అప్పుడే ప్రకటించింది. బొమ్మ గురించి తెలిసినవారు నలుగురు కూర్చుని తేల్చవలసిన విషయాన్ని తిరునాళ్లలో వేలంపాట పెట్టినట్టు తేల్చకూడదు. అన్నిటినీ మించి, ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలు వేసిన బుడుగు మీ జాబితాలో లేడు. బాపు మా నరసాపురంలో పుట్టారు, రమణ ధవళేశ్వరంలో పుట్టారు. గోదావరి నీళ్లు తాగుతూ మీరు తయారుచేసిన జాబితా ఇదా?

అక్షరం (రాజమహేంద్రవరం):
మాస్టారూ, బుడుగు కామిక్ కాదు. బొమ్మలన్నీ తీసేసి చదివినా రమణగారి వచనం తన కాళ్లమీద తాను నడుస్తుంది. కామిక్‌లో ఒక గడి నుంచి మరో గడికి కథను మోసుకుపోవలసినది బొమ్మే. ఇక నలుగురు తెలిసినవారి సంగతి. ఫ్రాన్సులోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవంలో 2016లో తెలిసినవారే 30 పేర్లతో జాబితా తయారుచేస్తే, అందులో ఒక్క స్త్రీ పేరు కూడా లేకపోయింది. జాబితాలోని కళాకారులే కొందరు తమ పేర్లు ఉపసంహరించుకోగా, చివరకు ఆ జాబితాను పక్కనపెట్టి, గీసేవారూ రాసేవారూ తమకు నచ్చిన పేరుకు ఓటు వేసుకోవచ్చని నిర్వాహకులే ఒప్పుకోవలసి వచ్చింది.

నరసాపురం మాస్టారు:
బాపు గీత లేని బుడుగును మీరు ఊహించుకోగలిగితే ఊహించుకోండి, నాకు చేతకాదు. బుడుగు స్నేహితురాలు సీగాన పెసూనాంబ అన్న పేరు వినగానే నా కళ్లముందు కదిలేది ఆ గీతే. గడులు లేవన్న ఒక్క కారణంతో తోసిపుచ్చడం, పంచె కట్టులేదని పెళ్లికొడుకును వెనక్కి పంపడం వంటిది.

లంకల పాఠకురాలు:
మా లంకకు పడవమీద ఏ పుస్తకం వస్తే మాకదే ఉత్తమమైన పుస్తకం. చాచా చౌదరి ఒక్కడే వచ్చేవాడు.

కాలువగట్టు:
చందమామను చేర్చమని పది మంది అడుగుతున్నారు. భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మను శంకర్ గీశారు కదా, అది లెక్కలోకి రాదా?

అక్షరం:
రాదు. బుడుగు విషయంలో చెప్పినదే దీనికీ వర్తిస్తుంది. కథకు తగిన బొమ్మ ఉండడం వేరు, బొమ్మే కథ కావడం వేరు.

నరసాపురం మాస్టారు:
అయితే మీ లెక్కన తెలుగువారికి మిగిలేది అనువాదాలే. అవీ ఎటువంటివి? ఒకదానిమీద ఒకటి ఎక్కిన ఒత్తులు, మధ్యలో తెగిపోయిన మాటలు, ఇరుకు మాట బుడగలో గోనెసంచిలో కూరినట్టు కూరిన తెలుగు. అటువంటి పుస్తకం దేశంలో ఉత్తమమైనదని నా మనవడికి నేను చెప్పలేను.

అక్షరం:
ఆ బుడగల్లో తెలుగును కూరినవాళ్లలో నేనొకణ్ణి.

ఇంతవరకూ చెప్పకూడదనుకున్నాను, మీరే చెప్పించారు. పెద్ద నగరంలోని ఒక ప్రచురణ సంస్థకు కొన్నేళ్లపాటు నేను లెటరింగ్, అంటే బుడగల్లో మాటలు చేత్తో రాసే పని, చేశాను. మాట బుడగను ఇంగ్లీషు పెద్దక్షరాలకు సరిపోయేటట్టు ముందే గీసి పంపేవారు, దాన్ని ఒక వెంట్రుక మేర పెంచడానికి కూడా మాకు అనుమతి ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాలు వరుసగా పక్కపక్కనే కూర్చుంటాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, లక్ష్మణుడన్న పేరులో క కింద ష, దాని కింద మ దిగుతాయి. మూడు వరుసల జాగాలో రెండు వరుసలే పట్టేవి. ట్రేసింగ్ కాగితంమీద సన్న కలంతో రాసి, కత్తిరించి అతికించి, పట్టకపోతే మాటే మార్చి మళ్లీ రాసేవాణ్ణి. పుస్తకంలో ఎక్కడా నా పేరు వేయలేదు. చివరి మూడు నెలల డబ్బు ఈనాటికీ ఇవ్వలేదు. మీ నలుగురు తెలిసినవారు బొమ్మ చూస్తారు, కథ చూస్తారు. బుడగలోని అక్షరాన్ని చూసినవాడు అద్దెకు తెచ్చుకుని, కూడబలుక్కుని చదివిన కుర్రవాడు ఒక్కడే. అతనికి ఓటు ఉండాలనే నేను ఇంతగా వాదిస్తున్నాను.

అద్దె పుస్తకం:
నిజమే. నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది వాటితోనే.

నరసాపురం మాస్టారు:
మీ మనసు నొప్పించినందుకు క్షంతవ్యుణ్ణి. అయినా నా బాధ కూడా వినండి. దేశమంతటికీ ఒకటే ఓటు పెడితే, సంఖ్యలో ఎక్కువగా ఉన్న భాషవారి పుస్తకమే గెలుస్తుంది. చాచా చౌదరిని కార్టూనిస్టు ప్రాణ్ 1971లో మొదలుపెట్టినది హిందీ పత్రికలో. అది గెలిస్తే, మన పిల్లలకు మన భాషలో చెప్పుకోదగినదే లేదన్న మాట స్థిరపడిపోతుంది. బుడుగును నేను పట్టుకుని వేలాడుతున్నది అందుకే. అది కామిక్ అవునా కాదా అన్న అనుమానం నాకూ లేకపోలేదు.

అక్షరం:
ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. తెలుగులో చదివిన చాచా చౌదరి తెలుగు పుస్తకమే అంటాను నేను, కాదంటారు మీరు. మన తగాదా అక్కడుంది, ఓటు దగ్గర లేదు.

కాలువగట్టు:
ఓటు వేసేవారిని ఆ పుస్తకం ఏ భాషలో చదివారో కూడా అడిగి, భాషవారీగా ఓట్లు వేరువేరుగా లెక్కించి ప్రకటిస్తే?

అక్షరం:
అభ్యంతరం లేదు. అనువాదకుడి పేరు, అక్షరాలు రాసినవారి పేరు తెలిసినచోట వాటిని కూడా ప్రకటించండి.

నరసాపురం మాస్టారు:
మా మనవడి అలమరలో పాత రామాయణం కామిక్ ఒకటి దొరికింది. లక్ష్మణుడన్న మాటలో మ ఒత్తు బుడగ గీతను తాకుతోంది కానీ దాటలేదు. ఫొటో పెడతాను, అది మీ చేతిరాతేనా అన్నది చూసి చెప్పండి. బుడుగును మాత్రం జాబితాలో చేర్చవలసిందే.