‘పబ్లిష్’ అంటే ప్రచురించడమేనా? డేటాబేస్ ప్రాజెక్టు మాటల మీద చర్చ

ప్రశ్న

విజువల్ స్టూడియోలో ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ప్రాజెక్టు (డేటాబేస్ రూపాన్ని ఫైళ్లలో రాసి ఉంచేది) పెట్టుకుని పనిచేసేవాళ్ల కోసం తెలుగులో ఒక చేతిపుస్తకం తయారవుతోంది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: “ప్రాజెక్టును బిల్డ్ చేశాక సర్వర్‌లో ప్రచురించండి.” తెరమీది ‘పబ్లిష్’ బటన్‌కు రాసిన ఈ ‘ప్రచురించండి’ పంటి కింద రాయిలా తగులుతోంది. మోహరించు, ఎక్కించు, అమలు చేయు అనేవి కూడా పరిశీలనలో ఉన్నాయి. ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరా?

జవాబు 1

‘ప్రచురించు’ వద్దండీ. ప్రచురించినది పదిమంది చదవడానికి బయటికి వస్తుంది. ఇక్కడ బయటికి వచ్చేదేమీ లేదు. ‘మోహరించు’ సైన్యాన్ని నిలబెట్టే మాట. ఉన్నదాన్ని తీసుకెళ్లి మరోచోట నిలపడమే దాని భావం.

‘ఎక్కించు’ అందరి నోళ్లలో ఉన్నదే. కానీ ఇక్కడ పెడితే డేటా కూడా వెళ్తుందని చదివేవాళ్లు అనుకుంటారు. బిల్డ్ చేస్తే, అంటే ప్రాజెక్టు ఫైళ్లను తనిఖీ చేసి ఒకటిగా కూర్చితే, వచ్చేది డాక్‌ప్యాక్ ఫైలు. అది నిజానికి జిప్ ఫైలే. ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల మోడల్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ కనిపిస్తుంది. పట్టికలు, వ్యూలు, ప్రొసీజర్లు ఎలా ఉండాలో అందులో రాసి ఉంటుంది. ప్రాజెక్టు నుంచి బిల్డ్ అయిన డాక్‌ప్యాక్‌లో పట్టికల వరుసలు ఉండవు. డేటాతో సహా కదిలేది బ్యాక్‌ప్యాక్. ‘ఎక్కించు’ను దాని కోసం అట్టేపెట్టండి.

మాట వెతికే ముందు పనేమిటో చూద్దాం. పబ్లిష్ నొక్కగానే విజువల్ స్టూడియోలోని పరికరం డాక్‌ప్యాక్‌ను చదువుతుంది, లక్ష్య డేటాబేస్ (మార్పులు చేరాల్సినది) ఇప్పుడెలా ఉందో చదువుతుంది, రెండిటినీ పోల్చి తేడాలు తీస్తుంది. ఆ తేడాలు పోవడానికి కావలసిన స్క్రిప్టు తనే రాసి నడుపుతుంది. రెండూ ముందే ఒకేలా ఉంటే పట్టికల జోలికే పోదు. మనకు కావలసిన మాటలో ఈ పోలిక వినిపించాలి.

జవాబు 2

పైన చెప్పినదానికి బడిలో చదివిన వ్యాకరణం నుంచి ఒక ఆధారం చూపిస్తాను.

ప్రాజెక్టులో ప్రతి పట్టికకూ ఒక ఫైలు ఉంటుంది, అది ‘క్రియేట్ టేబుల్’ అని మొదలవుతుంది. రూపం చూస్తే అది విధ్యర్థక వాక్యం: “పట్టికను సృష్టించు.” పరికరం దాన్ని చదివేది మాత్రం నిశ్చయార్థకంగా: “ఈ పట్టిక ఉంది, ఇలా ఉంది.” ఆజ్ఞలా కనిపించే వాక్యాన్ని వర్ణనగా చదవడం, డేటాబేస్ ప్రాజెక్టు కిటుకంతా ఇదే. కొత్తవాళ్లు తడబడేదీ ఇక్కడే.

ఆజ్ఞ అనుకున్నవాళ్లు అదే ఫైలు కింద నాలుగు ఇన్‌సర్ట్ వాక్యాలు (పట్టికలో వరుసలు చేర్చేవి) రాస్తారు. బిల్డ్ ఆగిపోయి ఎస్‌క్యూఎల్ 70001 అనే తప్పు వస్తుంది. ఈ సందర్భంలో ఈ వాక్యాన్ని గుర్తించలేదని దాని భావం. వర్ణన మధ్యలో “వెళ్లి అది చేసిరా” అంటే దానికి అర్థం కాదు. కొత్త కాలమ్ కావాలంటే ఆల్టర్ (ఉన్న పట్టికను మార్చే ఆజ్ఞ) రాయకండి, క్రియేట్ టేబుల్ కుండలీకరణాల లోపలే ఒక పంక్తి చేర్చండి. ఆల్టర్ రాయడం పరికరం పని. ఇన్‌సర్ట్‌లు పోస్ట్ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులోకి (మార్పులన్నీ అయ్యాక నడిచేది) వెళ్లాలి. ప్రాజెక్టుకు అలాంటిది ఒక్కటే ఉంటుంది. ఎక్కువ ఫైళ్లు కావాలంటే మిగతావాటి బిల్డ్ యాక్షన్‌ను ‘నన్’ చేసి, అసలు స్క్రిప్టులో కోలన్, ఆర్ అక్షరం, ఫైలు దారి ఉన్న పంక్తితో లోపలికి లాగాలి. ప్రతి పబ్లిష్‌లోనూ అది నడుస్తుంది. కాబట్టి పదిసార్లు నడిచినా ఫలితం మారకుండా ‘మెర్జ్’ (ఉంటే మార్చి, లేకపోతే చేర్చే ఆజ్ఞ)తోనో, ముందు ఉందో లేదో చూసుకునే షరతుతోనో రాయాలి.

డేటాబేస్ మార్పులు నడిపే ఫ్లైవే వంటి పరికరాల తీరు దీనికి తలకిందులు. వాటిలో ప్రతి ఫైలూ అసలైన విధ్యర్థకమే. వీ1, వీ2 అని వరుసలో ఒక్కొక్కటీ ఒక్కసారే నడుస్తుంది, నడిచినట్టు చరిత్ర పట్టికలో నమోదవుతుంది. నడిచిపోయిన ఫైలును తర్వాత దిద్దితే చెక్‌సమ్ (ఫైలు విషయం నుంచి లెక్కగట్టిన సంఖ్య) కలవక తనిఖీ ఆగుతుంది. వాటిని ‘మైగ్రేషన్’ అంటారు. దాన్ని ‘వలస’ అని రాయడం నాకు ససేమిరా నచ్చదు, అక్కడ ఏదీ ఊరు మారడం లేదు. ‘మెట్టు’ అంటే సరిగ్గా సరిపోతుంది.

ఇక పబ్లిష్‌కు నా మాట: దిద్దు. పలక మీద అక్షరం రాసిచ్చి, దాని మీదే పిల్లలచేత దిద్దించినట్టు, ప్రాజెక్టు రాసిచ్చిన రూపం మీద డేటాబేస్‌ను దిద్దుతాం. గీత కుదిరినచోట ఏమీ మారదు, తప్పినచోట సరి అవుతుంది. మెనూల్లో ‘ఎడిట్’కు ఇప్పటికే ‘సవరించు’ ఉంది కనుక రెండూ కలిసిపోవు.

జవాబు 3

‘దిద్దు’ అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మరీ మెత్తటి మాట. పబ్లిష్ చెరిపేస్తుంది కూడా. ఆ ప్రమాదం మాటలో వినపడకపోతే పక్కనే వాక్యంలోనైనా రాయాలి.

ప్రాజెక్టులో లేని పట్టికను లక్ష్యం నుంచి తీసేయాలా వద్దా అనే ఎంపిక (డ్రాప్ ఆబ్జెక్ట్స్ నాట్ ఇన్ సోర్స్) మామూలుగా ‘వద్దు’ మీదే ఉంటుంది. అది చూసి ఏదీ పోదని ధీమా పడతారు. ఇండెక్సులకు (వెతుకులాట వేగం పెంచేవి) వేరే ఎంపిక ఉంది, అది మామూలుగా ‘తీసేయి’ మీద ఉంటుంది. క్వెరీ (డేటాను అడిగే వాక్యం) నెమ్మదించిందని రాత్రి ఎవరో అసలు సర్వర్‌లో నేరుగా ఒక ఇండెక్సు వేశారనుకోండి. ప్రాజెక్టులో చేర్చకపోతే తర్వాతి పబ్లిష్‌లో అది చప్పుడు లేకుండా పోతుంది. క్వెరీ మళ్లీ నెమ్మదిస్తుంది, కారణం ఎవరికీ తట్టదు. అందుకే పబ్లిష్ నొక్కే ముందు ‘జెనరేట్ స్క్రిప్ట్’ నొక్కి, వచ్చిన స్క్రిప్టులో ‘డ్రాప్’ అనే మాట కోసం వెతకమని చేతిపుస్తకంలో తప్పక రాయండి.

మరొకటి. కొత్త కాలమ్‌ను ఫైల్లో చివర కాక మధ్యలో రాస్తే జరిగేది దిద్దడం కాదు, తిరగరాయడం. పరికరం టీఎమ్‌పీ ఎమ్‌ఎస్ ఎక్స్‌ఎక్స్ అని మొదలయ్యే పేరుతో కొత్త పట్టిక కట్టి, వరుసలన్నీ అందులోకి నకలు చేసి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. పెద్ద పట్టిక అయితే దీనికే గంటలు పట్టవచ్చు. కాలమ్‌ను చివర రాయండి, లేదా కాలమ్‌ల క్రమాన్ని పట్టించుకోవద్దనే ఎంపిక పెట్టండి.

‘అమలు చేయు’ మాత్రం వద్దు. స్క్రిప్టును, క్వెరీని నడపడానికి దాన్ని ఇప్పటికే వాడేశాం.

అడిగినవారు

చాలా ఉపయోగపడింది. ఇంకో వాక్యం: “కాలమ్ పేరు మార్చి, తిరిగి దిద్దండి.” ఇది ఇలాగే ఉండొచ్చా?

జవాబు 1 రాసినవారు

ఉండకూడదు. ఇక్కడ ‘మార్చు’ రెండు రకాల పని.

ఫైల్లో ‘ఫోన్’ అన్నచోట కొట్టేసి ‘మొబైల్’ అని టైపు చేస్తే పేరు మారిందని మనకు తెలుసు. పరికరానికి తెలియదు. నిన్న ఫోన్ అనే కాలమ్ ఉంది, నేడు లేదు, మొబైల్ అనేది కొత్తగా వచ్చింది, అంతే. కనుక పాతది తీసేసి కొత్తది ఖాళీగా పెట్టే స్క్రిప్టు రాస్తుంది. పేరు మీద కుడి మీట నొక్కి రీఫ్యాక్టర్‌లో రీనేమ్ ఎంచుకుంటే కథ వేరు. రీఫ్యాక్టర్‌లాగ్ అనే ఫైల్లో ఈ మార్పు ఒక గుర్తింపు సంఖ్యతో నమోదవుతుంది. పబ్లిష్ దాన్ని చూసి ఎస్‌పీ రీనేమ్ (పేరు మాత్రమే మార్చే సర్వర్ ఆజ్ఞ) వాడుతుంది, డేటా చెక్కుచెదరదు. ఆ మార్పు ఒకసారి జరిగిందని లక్ష్యంలో కూడా ఒక చిన్న పట్టికలో రాసుకుంటుంది. ఈ లాగ్ ఫైలును గిట్‌లో (ఫైళ్ల మార్పులను దాచి పంచుకునే వ్యవస్థ) చేర్చడం మరిచిపోతే పక్కవారి కంప్యూటర్‌లో పేరు మార్పు మళ్లీ తీసివేతే అవుతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. డేటా పోయే అవకాశం ఉంటే ఆపు అనే ఎంపిక మామూలుగా పెట్టే ఉంటుంది. కానీ స్క్రిప్టు అడిగేది “పట్టికలో ఒక్క వరుసైనా ఉందా?” అని మాత్రమే. రాసేవాళ్ల దగ్గరి పట్టిక ఖాళీగా ఉంటే పబ్లిష్ సాఫీగా జరిగిపోతుంది. అసలు సర్వర్‌లో వరుసలుంటాయి కనుక అక్కడ ఆగుతుంది. అప్పుడు తొందరలో ఆ ఎంపిక తీసేసి నడిపితే ఫోన్ నంబర్లన్నీ పోతాయి. కాబట్టి చేతిపుస్తకంలో “పేరు మార్చు” అని కాక “రీనేమ్ ద్వారా పేరు మార్చు” అనే రాయండి.

జవాబు 2 రాసినవారు

‘ముందు’ అనే మాటతోనూ జాగ్రత్త. ప్రీ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టును “ముందు నడిచే స్క్రిప్టు” అని రాస్తే, దేనికి ముందు? మార్పులకు ముందు మాత్రమే, పోలికకు ముందు కాదు. పోలిక అప్పటికే అయిపోయి, స్క్రిప్టు రాయబడి ఉంటుంది. ప్రీ డిప్లాయ్‌మెంట్‌లో ఒక కాలమ్ తీసేస్తే పోలికకు ఆ సంగతి తెలియదు. తర్వాత అదే కాలమ్‌ను తీయబోయి తప్పు చూపిస్తుంది. “పోలిక తర్వాత, మార్పులకు ముందు నడిచే స్క్రిప్టు” అని పొడుగైనా అలాగే రాయాలి. పోలికకే ముందు జరగాల్సిన పని ఉంటే దాన్ని వేరే స్క్రిప్టుగా, పబ్లిష్ మొదలుకాకముందే నడపాలి.

జవాబు 4

ఇది భాషా బృందం కనుక తెలుగు డేటా గురించి కూడా ఒక మాట. పోస్ట్ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులో తెలుగు మాటలు పెట్టేటప్పుడు కొటేషన్ గుర్తుకు ముందు పెద్ద ఎన్ అక్షరం ఉండాలి, కాలమ్ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాలు దాచే రకం) అయినా సరే. అది లేకపోతే మామూలు లాటిన్ కొలేషన్ (అక్షరాల ఏర్పాటు) ఉన్న డేటాబేస్‌లో ‘తెలుగు’ అనే మాట వరుసగా ఆరు ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది. మూడక్షరాలకు ఆరెందుకంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని యూనికోడ్ లెక్క ఆరు.

కాలమ్ పొడవు పెట్టేటప్పుడూ ఇదే లెక్క. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. ఎన్‌వార్‌చార్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొడవు 5 పెడితే పట్టదు. తర్వాత పెంచడం తేలిక. తగ్గించబోతే మాత్రం పైన చెప్పిన డేటా పోయే తనిఖీ అడ్డుపడుతుంది.

అడిగినవారు

అందరి మాటలూ కలిపి ఇలా రాశాను: “ప్రాజెక్టును బిల్డ్ చేయండి. పబ్లిష్ కిటికీలో మొదట స్క్రిప్టు తీయించి, అందులో తీసివేతలున్నాయేమో చూడండి. ఆ తర్వాతే పబ్లిష్ నొక్కి, సర్వర్‌ను ప్రాజెక్టు ప్రకారం దిద్దండి.” బటన్ పేరు తెరమీద ఎలా ఉందో అలాగే ఉంచాను.

జవాబు 3 రాసినవారు

‘సర్వర్‌ను’ తీసేసి ‘డేటాబేస్‌ను’ అనండి. ఒకే సర్వర్‌లో పది డేటాబేస్‌లుండవచ్చు. పబ్లిష్ దిద్దేది కనెక్షన్‌లో, పేరు గడిలో మీరు రాసిన ఆ ఒక్కదాన్నే. ఆ పేరు తప్పు రాస్తే పరికరం వారించదు, ఆ పేరుతో కొత్త డేటాబేస్‌నే కట్టేస్తుంది. ఆ సంగతి కూడా అదే పేజీలో ఒక వాక్యం చేర్చండి.