ధైర్యంగా ఉండమంటున్నారు సరే, రాత్రి 2 గంటలకు అది ఎలాగో ఎవరైనా చెబుతారా?

మిర్చియార్డు గుమాస్తా (గుంటూరు):

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. నెల కిందట చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన పళ్ల జోలికి పోకుండా రక్తపరీక్ష రాసిచ్చాడు. నాలుగు రోజుల్లో పేరు తేలింది: అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్. ఆ వారంలోనే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఏడు రోజులు పగలూ రాత్రీ మందు ఎక్కింది, మొదటి మూడు రోజులు దానికి తోడు ఎర్ర మందు. మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని హడలిపోయాను. మందు రంగేనండీ అని నర్సమ్మ నవ్వింది.

ఈ రోజు 16వ రోజు. తెల్ల కణాలు 300. ప్లేట్‌లెట్లు నిన్న 9,000 ఉంటే రాత్రి ఒక సంచి ఎక్కించారు. గదిలోకి నా భార్య ఒక్కతే వస్తుంది, అదీ మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఫోనులోనే కనిపిస్తుంది. కిటికీకి అవతల ఒక వేపచెట్టు తల, దాని వెనక నీళ్ల ట్యాంకు.

ఇరవై ఏళ్లు చిట్టా రాసిన చేయి ఊరుకోదు కదా. ఇంటి నుంచి పొడుగు పుస్తకం ఒకటి తెప్పించుకున్నాను. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. రోజూ పొద్దున రిపోర్టు రాగానే అంకెలు ఎక్కిస్తాను. పది రోజులుగా ఖర్చు పక్కనే రాస్తున్నాను. జమ పక్క కాగితం తెల్లగా ఉంది.

టిక్కీ, అంటే మిర్చి బస్తా, కోయగానే తేజా రకం మిరప ఘాటుకు కొత్తవాళ్లు తుమ్ముకుంటూ బయటకు పరుగెత్తే చోట నేను నిలబడి టిఫిను తిన్నవాణ్ని. ఇప్పుడు నోరంతా పుండ్లు. మెత్తగా వండిన అన్నంలో పప్పుకట్టు కలిపి తెస్తే అది కూడా మంటే.

చూడటానికి ఎవరినీ రానివ్వరు కాబట్టి అందరూ ఫోన్లు చేస్తున్నారు. బంధువు ఒకాయన, మా ఊళ్లో ఒకాయనకు కూడా ఇదే వచ్చింది, పాపం... అని ఆగాడు. ఆ పాపం తరువాత ఏం జరిగిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చివరికి మాత్రం, ధైర్యంగా ఉండు అన్నాడు.

పగలు ఏదో ఒకలా గడుస్తుంది. రాత్రి రెండుకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. సెలైన్ యంత్రం చప్పుడు, పక్క కుర్చీలో నా భార్య ఊపిరి. అప్పుడు ధైర్యంగా ఉండటమంటే చేతులతో ఏం చేయాలి, కాళ్లతో ఏం చేయాలి? పని చెప్పండి, చేస్తాను. మాటలు మాత్రం వద్దు, నా దగ్గర చాలా ఉన్నాయి.

లెక్కల టీచరు (విజయవాడ, సత్యనారాయణపురం):

తమ్ముడు గారూ, నాది వేరే రకం, లింఫోబ్లాస్టిక్ లుకేమియా. 2019లో వచ్చింది. చికిత్స మొత్తం రెండున్నరేళ్లు. ఇప్పుడు మళ్లీ బడికి వెళుతున్నాను, ఎనిమిదో తరగతి పిల్లల మీద అరుస్తున్నాను. జుట్టు తిరిగి వచ్చింది, కాకపోతే మునుపు లేని ఉంగరాలతో.

పని అడిగారు కాబట్టి చెబుతాను. నేను రోజును పీరియడ్లుగా కోశాను. మొదటి పీరియడ్ ఒళ్లు తుడుచుకోవడం. రెండోది నోరు పుక్కిలించడం: డాక్టరు చెప్పిన నీళ్లతో, రెండు మూడు గంటలకు ఒకసారి, నొప్పి ఉన్నా లేకపోయినా. బ్రష్షు పిల్లలు వాడే మెత్తటిది. ముక్కు గట్టిగా చీదడం, ముక్కి విరేచనానికి వెళ్లడం కూడదు. ప్లేట్‌లెట్లు అంత తక్కువగా ఉన్నప్పుడు అవి చిన్న విషయాలు కావు. మలబద్ధకం ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, మందిస్తారు. తరువాత నడక. మా గదిలో గుమ్మం నుంచి కిటికీకి పదకొండు అడుగులు. వద్దన్న రోజు మంచం మీదే కాళ్లు ఆడించేదాన్ని. సాయంత్రం ఆరింటికి ఏడుపు పీరియడ్. నవ్వకండి. ఆరింటి దాకా ఆపుకుంటే కొన్నిసార్లు ఆ సమయానికి ఏడుపు వచ్చేది కాదు.

ఆశ నాకు రోజూ లేదు. లేని రోజు కూడా పుక్కిలించాను.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పదిహేడో రోజో పద్దెనిమిదో రోజో, అర్ధరాత్రి చలి పుట్టింది. అమ్మకు అప్పుడే కునుకు పట్టింది. లేపడం ఎందుకు, తెల్లవారాక చెబుదాం అని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అదే ధైర్యమనుకున్నాను. తెల్లవారేసరికి రక్తపోటు పడిపోయింది, మూడు రోజులు ఐసీయూలో ఉన్నాను. తెల్ల కణాలు లేనప్పుడు చాలాసార్లు జ్వరం ఒక్కటే గంట కొడుతుంది. ఇంకేదీ కనిపించకపోవచ్చు, చీము కూడా పట్టకపోవచ్చు. కాబట్టి 100.4 ఫారన్‌హీట్ వచ్చినా, వణుకు పుట్టినా, అప్పుడే బెల్లు నొక్కండి. రాత్రి రెండుకు మీ చేతులు చేయాల్సిన పని అదే.

ఇక మీ చిట్టా. లెక్కల దాన్ని కాబట్టి తప్పు చూసి ఊరుకోలేను. కణాలు పడిపోవడం ఖర్చులో రాస్తున్నారు. కోల్డ్ స్టోరేజీలో పుచ్చిన సరుకు ఉంటే మీరేం చేస్తారు? మంచిదీ చెడ్డదీ ఏరే తీరిక లేకపోతే మొత్తం బయట పోయించి, కడిగించి, మళ్లీ నింపుతారు. ఇప్పుడు రక్తకణాలు తయారయ్యే మీ ఎముకల మూలుగలో జరుగుతున్నది అదే. ఖాళీ అయిందంటే మందు పని చేస్తోంది. పుచ్చు ఎంత పోయిందో మూలుగ పరీక్షలో చూస్తారు. బ్లాస్ట్ కణాలు, అంటే ఎదగని పసి కణాలు, 5 శాతం లోపు ఉండి, మామూలు కణాలు తిరిగి వస్తే మొదటి మెట్టు ఎక్కినట్టు. జబ్బు పూర్తిగా పోయినట్టు కాదు, ఆ తరువాత విడతలు ఉంటాయి. ఆ సంగతి మీ డాక్టరును ఇప్పుడే అడిగి ఉంచుకోండి. నేను అడగలేదు. నెల కాగానే ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఇంకా ఉందని తెలిసిన రోజే నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది.

కృష్ణలంక మనిషి:

అన్నగారూ, బొప్పాయి ఆకు రసం తాగండి. మా బావమరిదికి డెంగీలో ప్లేట్‌లెట్లు 20,000కు పడిపోతే మూడు రోజుల్లో లక్ష దాటాయి. కనకదుర్గమ్మ చల్లగా చూస్తుంది.

రాత్రి డ్యూటీ (బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్, గుంటూరు):

కృష్ణలంక అన్నా, మీ మనసు మంచిదే, కానీ ఆ రసం ఈయనకు వద్దు. డెంగీలో మూలుగ మళ్లీ త్వరగానే కోలుకుంటుంది, చాలామందికి జ్వరం దిగిన కొద్ది రోజులకు ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. ఈయనకు మూలుగనే మందుతో ఆపి ఉంచారు. పైగా 300 తెల్ల కణాలున్న మనిషికి పచ్చి ఆకు దంచి పిండిన రసం పట్టిస్తే దాంతోపాటు ఏ క్రిమి పోతుందో. ఇంటి వాళ్లు ఏది తెచ్చినా ముందు డాక్టరుకు చూపించాలి.

గుమాస్తా గారూ, రాత్రి రెండింటికి నేను కూడా మేలుకునే ఉంటాను. మీకు ఎక్కిన సంచి లేత పసుపు రంగులో ఉండి ఉంటుంది, మజ్జిగ మీద తేరిన తేట లాగా. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టం. 22 డిగ్రీల దగ్గర ఒక పెట్టెలో పళ్లెం మీద ఉంచితే అది ఆగకుండా అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఊగకపోతే ప్లేట్‌లెట్లు పాడైపోతాయి. అలా ఉంచినా అయిదు రోజులే పనికివస్తాయి. అంటే మీ ఒంట్లోకి వెళ్లినది ఈ వారంలోనే ఎవరో వచ్చి ఇచ్చినది. ఒక్క దాత నుంచే తీసిన సంచి అయితే ఆ మనిషి గంటకు పైగా చేతికి సూదితో కుర్చీలో కూర్చున్నాడన్నమాట. పేరు చెప్పకూడదు, చెప్పను. మొన్న ఒక కుర్రవాడు ఇచ్చి లేస్తూ, ఇది ఎవరికండీ అని అడిగాడు. చెప్పకూడదన్నాను. సరే, వాళ్లు కోలుకుంటే చాలు అని బిస్కెట్టు పొట్లం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మీకు ఫోన్లు చేసే బంధువులకు ప్లేట్‌లెట్లు ఇచ్చే పని అప్పగించండి. ధైర్యం చెప్పేవాళ్లలో నలుగురు వచ్చి రక్తపరీక్షకు చేయి చాపితే మీ భార్య గారికి పరుగులు తప్పుతాయి.

కుర్చీ మనిషి (తెనాలి):

మా ఆయన మంచం పక్క కుర్చీలో 33 రాత్రులు గడిపాను. ఒక్క మాట. మీ భార్య గారు నిద్రపోతున్నారని మీరు అనుకుంటున్నారు. పోవడం లేదు.

మిర్చియార్డు గుమాస్తా (23వ రోజు):

ఆలస్యానికి క్షమించాలి. టీచరు గారు రాసిన మూడో రోజు రాత్రి ఒంటి గంటన్నరకు వణుకు పుట్టింది. కొలిస్తే 100.8. బెల్లు నొక్కాను. అర గంటలో రక్తం తీసి పరీక్షకు పంపారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడు రోజులకు జ్వరం దిగింది. అక్కయ్య గారూ, ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

తెనాలి అమ్మగారు చెప్పింది నిజమే. ఆ రాత్రి నేను బెల్లు వెతుక్కునేలోపే నా భార్య లేచి నిలబడింది. ఎప్పటి నుంచి మేలుకుని ఉన్నావంటే జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాత్రి రెండుకు ఇద్దరికీ మెలకువ వస్తే యార్డు కబుర్లు చెబుతున్నాను. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఏ రైతు ఏ రకం తెచ్చాడు. ఇరవై ఏళ్లలో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. పది నిమిషాల్లో నిద్రపోతోంది. అంత చప్పగా ఉన్నాయేమో.

పాపం అన్న బంధువుకు నేనే ఫోన్ చేసి, ప్లేట్‌లెట్లు ఇస్తావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వచ్చాడట. పాత తప్పు పద్దులు కొట్టేసి, మొదటి జమ ఆయన పేరుతో రాశాను.

ఈ రోజు న్యూట్రోఫిల్స్, అంటే క్రిములతో పోరాడే తెల్ల కణాలు, 140. నిన్న 60. మూలుగ పరీక్ష వచ్చే వారం. పప్పుకట్టు మంట తగ్గింది, కారం అడిగితే నా భార్య కళ్లు ఉరిమింది. నర్సమ్మ వస్తోంది, ఉంటాను.