వైద్యం కోసం ఊరూరూ తిరిగే రోగుల వల్ల అంటువ్యాధులు ఎంతవరకు వ్యాపిస్తాయి?

గిరింపేట వాసి, చిత్తూరు:
మా పెదనాన్నగారికి నెల రోజులుగా దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఉన్నాయి. మొదట చిత్తూరులో చూపించి, తరువాత తిరుపతికి తీసుకువెళ్లి, అక్కడా తగ్గకపోవడంతో గత సోమవారం వెల్లూరు బస్సెక్కాము. వెల్లూరు మాకు నలభై కిలోమీటర్లలోపే కనుక చిత్తూరు వారికి అది పొరుగు రాష్ట్రమన్న ఆలోచనే ఉండదు. బస్సులో ఆయన తువ్వాలు అడ్డుపెట్టుకొని ఆగకుండా దగ్గుతూ ఉంటే, ముందు సీటులో చంటిబిడ్డతో కూర్చున్న ఒకావిడ లేచి వెనక్కి వెళ్లి నిలబడింది. ఆమె మీద నాకు కోపం రాలేదు గాని, మా వల్ల మూడు ఊళ్లలో ఎందరికి ఏమి అంటించామో అన్న దిగులు పట్టుకుంది. ఇటువంటి ప్రయాణాలు మానుకోవాలా, లేక పద్ధతి మార్చుకుంటే సరిపోతుందా?

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి:
ముందుగా ఒక మాట అడుగుతాను. ఈ మూడు చోట్లలో ఎక్కడైనా కళ్లె పరీక్ష చేశారా? రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ (టీబీ) ఉందేమో తెలుసుకోవడానికి ఆ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.

ఇక మీ సందేహానికి వస్తే, జబ్బును బట్టి జవాబు మారుతుంది. క్షయ సాధారణంగా ఒకే గదిలో చాలా గంటలు, చాలా రోజులు కలిసి ఉండేవారికి అంటుతుంది. విమానాల్లో సైతం ఎనిమిది గంటలు, అంతకు మించిన ప్రయాణాల విషయంలోనే తోటి ప్రయాణికులను వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కిటికీలు తెరిచిన బస్సులో గంటసేపటి ప్రయాణానికి మీరు అంతగా కుమిలిపోనక్కరలేదు. తట్టు సంగతి వేరు. రోగి గది విడిచి వెళ్లిన రెండు గంటల వరకు కూడా ఆ వైరస్ గాలిలో ఉండగలదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం బస్సులో కన్నా, దిగిన తరువాత కూర్చునే చోట ఎక్కువ. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అనే శ్వాసకోశ వైరస్ జబ్బు వ్యాపించినప్పుడు, ప్యోంగ్‌టేక్ ఆసుపత్రిలో ఆ జబ్బు సోకిన ఒక వ్యక్తి, అది మెర్స్ అని తెలియకముందే మంచి వైద్యం కోసం బస్సులో సియోల్ చేరాడు. అక్కడ ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో అతను ఉన్న మూడు రోజుల్లో ఎనభై మందికి పైగా ఆ వైరస్ సోకింది. ఒక ఆసుపత్రిలో తగ్గకపోతే మరో ఆసుపత్రికి వెళ్లడం అక్కడ కూడా మనకున్నంత అలవాటే.

స్టాఫ్ నర్సు, తిరుపతి:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అంత దూరం వెళ్లకుండానే ఉదాహరణ ఉంది. 2018లో కేరళలో నిపా వైరస్ సోకిన రోగిని పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నుంచి కోళికోడ్ వైద్య కళాశాలకు తరలించినప్పుడు, స్కానింగు విభాగం వరండాలో తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవారికి సైతం అది సోకింది. పేరాంబ్రలో ఆ రోగికి సేవ చేసిన నర్సు లినీ కూడా ప్రాణాలు కోల్పోయారు.

నా బాధ మాత్రం రోగి వెంట పంపే చీటీ గురించి. రోగి ఊరు దాటతాడు, అతని వివరాలు దాటవు. ఒకసారి వేరే ఊరి ఆసుపత్రిలో ఇరవై రోజులు ఐసీయూలో ఉన్న రోగిని మా వార్డుకు పంపారు. చేతిలో ఉన్న కాగితంలో ‘పై ఆసుపత్రికి’ అన్న ఒక్క ముక్క తప్ప, ఏ యాంటీబయాటిక్ ఇచ్చారో, ఏ సూక్ష్మజీవి ఉందో చూసే కల్చర్ పరీక్షలో ఏమి వచ్చిందో లేదు. మందులకు లొంగని బాక్టీరియా అతనిలో ఉందని మా పరీక్షల్లో తేలేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ మామూలు వార్డులో, పక్క మంచానికి మూరెడు దూరంలోనే ఉంచాము. కనుక వెళ్లేముందు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో కవరులో పెట్టుకోండి. లోపలికి వెళ్లగానే ఓపీ చీటీ రాసేవారికే దగ్గు సంగతి చెప్పి, మాస్కు పెట్టించి, ఆరుబయట కూర్చోబెట్టండి.

రేణిగుంట పాఠకుడు:
దగ్గు జబ్బులే కాదు, డెంగ్యూ కూడా రోగితోనే ప్రయాణిస్తుంది. చెన్నైలో చదివే మా మేనల్లుడు జ్వరంతోనే రైలెక్కి ఇంటికి వచ్చాడు. మనిషి నుంచి మనిషికి అంటదు కదా అని మేము ధీమాగా ఉన్నాము. అయితే జ్వరం ఉన్న రోజుల్లో అతన్ని కుట్టిన దోమ, వారం పది రోజుల తరువాత ఇతరులను కుట్టి జబ్బు అంటించగలదని డాక్టరుగారు చెప్పి, పగటిపూట కూడా దోమతెర కట్టమన్నారు. పగలు దోమతెర ఏమిటని ఇరుగుపొరుగు నవ్వారు. ఆ దోమ కుట్టేది ఎక్కువగా పగలే.

గిరింపేట వాసి, చిత్తూరు:
అందరికీ కృతజ్ఞతలు. కళ్లె పరీక్ష మొన్న చిత్తూరులోనే చేయించాము. క్షయ అని తేలింది. మందులు మొదలయ్యాయి, పేరు క్షయ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేశారు. ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలను రేపు పరీక్షకు తీసుకురమ్మన్నారు. వెల్లూరు నుంచి తెచ్చిన ఎక్స్‌రే కవరు కూడా వెంట తీసుకువెళ్తున్నాను.