స్టాక్ (కంపెనీ బిగించిన) రాడ్లు, పిస్టన్లతో టర్బో: ఎంత పవర్ దగ్గర ఆపాలి?

మియాటా_మోజు:
మాజ్డా మియాటా 1.8. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. చిన్న టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి కుక్కేది) పెడుతున్నాను. ఎన్ని హార్స్‌పవర్ దాకా భయం లేదు? ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఎంతది కావాలి? పెట్రోల్ పంపు మార్చాలా?

నాక్_బాధితుడు:
పవర్ అంకె పట్టుకుని నేను మోసపోయాను. నా ఇంజిన్‌లో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) 0.6 బారే. ఎండలో ఎత్తు ఎక్కుతుంటే నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం) వచ్చింది, నాకు వినపడలేదు. మూడో పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల మధ్య ఉండే గట్టు) విరిగింది. ముందు ట్యూనింగ్ చూసుకోండి.

డైనో_రూమ్:
పదిహేనేళ్లుగా ఇదే నా పని. మియాటా రాడ్లు చక్రాల దగ్గర 220-250 హార్స్‌పవర్ ప్రాంతంలో వంగుతాయి. అసలు వంచేది టార్క్, అంటే తిప్పే బలం. 250 హార్స్‌పవర్ 7,000 ఆర్‌పీఎమ్‌లో తీస్తే 254 న్యూటన్ మీటర్లు, అదే 4,000లో తీస్తే 445. చిన్న టర్బో తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే బూస్ట్ కుమ్మరిస్తుంది, జాగ్రత్త.

బెల్ట్_బూస్ట్:
అందుకే టర్బో బదులు సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ (ఇంజిన్ బెల్టుతో తిరిగి గాలి నెట్టేది) పెట్టుకోమంటాను. బూస్ట్ ఆర్‌పీఎమ్‌తో పాటు మెల్లగా పెరుగుతుంది.

డైనో_రూమ్:
అది తిరగడానికి పవర్ క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) నుంచే లాగుతుంది కదా! చక్రాల దగ్గర 230 కనిపించాలంటే సిలిండర్లు అంతకంటే ఎక్కువే తీయాలి. ఆ భారం రాడ్ల మీదే.

బెల్ట్_బూస్ట్:
టర్బోకి ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్ (పొగ బయటికి పోకుండా అడ్డే ఒత్తిడి) లేదా? ఊరికే వస్తోందా గాలి? నా కారు నాలుగేళ్లుగా తిరుగుతోంది. చూడకుండా తీర్పు చెప్పకండి.

ఇనుప_బ్లాక్:
టొయోటా 2జేజెడ్-జీటీఈ ఇంజిన్ తీసుకోండి, గొడవే ఉండదు. ఇనుప బ్లాక్, 8.5 కంప్రెషన్ నిష్పత్తి. స్టాక్ లోపలి భాగాలతోనే 600 హార్స్‌పవర్ దాటించినవాళ్లు ఎంతమందో.

నాక్_బాధితుడు:
ఆయన దగ్గరున్నది మియాటా అండీ!

సన్నరెంచి:
రెవ్ లిమిట్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎమ్) మాట ఎవరూ ఎత్తలేదు. 7,000 నుంచి 8,000కి పెంచితే రాడ్ బోల్టుల మీద లాగుడు 30 శాతం పెరుగుతుంది, బూస్ట్ ఉన్నా లేకున్నా. లిమిటర్ ముట్టుకోకండి.

మియాటా_మోజు:
సరే, చక్రాల దగ్గర 200 హార్స్‌పవర్, బూస్ట్ 4,000 ఆర్‌పీఎమ్ తర్వాతే. మరి పంపు?

నాక్_బాధితుడు:
మార్చండి, ఇంజెక్టర్లు కూడా. వైడ్‌బ్యాండ్ మీటర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపేది) లేకుండా ఒక్కసారి కూడా ఫుల్ థ్రాటిల్ తొక్కకండి. బూస్ట్‌లో ఆ నిష్పత్తి 11.5 దగ్గర ఉండాలి. 13 కనిపించిందా, వెంటనే కాలు తీసేయండి.

బెల్ట్_బూస్ట్:
డైనో గారూ, బ్యాక్ ప్రెషర్ మాటకు జవాబు రాలేదు.