ఓసీడీ ఉన్న పాపకి ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఓటీ) కావాలి, రాయగడ దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?

రాయగడ_అమ్మ: మా పాపకి తొమ్మిదేళ్లు. బడి నుంచి రాగానే కుళాయి దగ్గర అరగంట. వేళ్ల సందులు పగిలి రక్తం వస్తోంది. పది నిమిషాలకోసారి "అమ్మా, శుభ్రమేనా?" అంటుంది. సైకియాట్రిస్టు ఓసీడీ అన్నారు, అంటే వదలని భయం, అది తగ్గడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం. పక్కింటివాళ్లు రోజువారీ పనులు చేసుకోవడం నేర్పించే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించమంటున్నారు. ఇక్కడ గానీ పార్వతీపురంలో గానీ ఎవరైనా తెలుసా? తెలుగు వస్తే మేలు. పాపకి ఒడియా బడికి సరిపోయేంత వచ్చు, మనసులోది చెప్పుకునేంత రాదు.

జయపురం_మాస్టారు: తల్లీ, గుమ్మం తప్పుతున్నారు. దీనికి ముందు కావాల్సింది ఈఆర్‌పీ అనే చికిత్స తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు. భయపడేదాన్ని ముట్టుకోనిచ్చి, కడుక్కోకుండా ఆ టెన్షన్ దానంతటదే తగ్గేదాకా ఉండటం నేర్పిస్తారు. వాళ్లకి ఆర్‌సీఐ (కేంద్ర పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగండి. ఓటీలకి అదీ లేదు.

బరంపురం_నాన్న: ఓటీలు ఆర్‌సీఐ కిందికి రారు మాస్టారూ. 2021 అలైడ్ హెల్త్ చట్టం కిందికి వస్తారు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర సంస్థే ఆ డిగ్రీ ఇస్తుంది. మావాడు స్నానం చేసి టైముకి బడికి వెళ్తున్నాడంటే ఓటీ వల్లే.

జయపురం_మాస్టారు: ఆర్‌సీఐ లేదని మీరే ఒప్పుకున్నారు.

బరంపురం_నాన్న: అదే పట్టుకుని వేలాడండి.

జయపురం_మాస్టారు: వేలాడతాను. మా మనవణ్ణి ఆరు నెలలు ఒక సెంటర్‌కి తిప్పాం, సెషన్‌కి ఐదొందలు. ఊయల, బంకముద్ద. కడగడం గురించి ఒక్క ముక్క లేదు. వాడు ఇంటికొచ్చి ఆ బంక అంటిన చేతులే గంట కడిగేవాడు.

పర్లాకిమిడి_పిల్ల: 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి అక్కా. ఉచితం.

రాయగడ_అమ్మ: విశాఖలో ఒక సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడాం. పాప అడిగిన ప్రతిసారీ "శుభ్రమే" అనొద్దన్నారు. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.

బరంపురం_నాన్న: ఆవిడ తప్పేముంది? పిల్ల ఏడుస్తుంటే రాయిలా కూర్చోవాలా? మాకూ ఒకావిడ ఇదే చెప్పింది. రెండు రోజులు చూసి మూడో రోజు మానిపించేశాను. ఓటీ మావాణ్ణి ఒక్కరోజు కూడా ఏడిపించలేదు.

జయపురం_మాస్టారు: ఇదా సంగతి! ఏడిపించనివాళ్లే మంచివాళ్లు.

బరంపురం_నాన్న: మీ మనవడు ఏడిస్తే మీ అమ్మాయి చూసుకుంది. రాత్రి రెండింటికి లేచి మావాడికి తలుపు గడియ పదిసార్లు చూపించింది నేను.

జయపురం_మాస్టారు: ఇంకా చూపిస్తున్నారా?

గుణుపూర్_నర్సు: ఇద్దరూ కాస్త ఆగండి. ఒక్కసారిగా అన్నీ ఆపేయడం ఈఆర్‌పీ కాదు. పిల్లతోనే ఒక్కో భయానికి మార్కులు వేయించి, తక్కువ మార్కులదానితో మొదలుపెడతారు. అత్తగారిని కూడా సెషన్‌లో కూర్చోబెట్టండి, లేకపోతే అమ్మ అనని "శుభ్రమే" నానమ్మ అనేస్తుంది. బట్టల కుట్లు గుచ్చుకుంటున్నాయనో, తయారవలేకపోతోందనో ఉంటే అప్పుడు ఓటీని తోడు పెట్టుకోవచ్చు. వేళ్లు పగిలాయంటున్నారు కాబట్టి, మందు అవసరమా అని సైకియాట్రిస్టుని మళ్లీ అడగండి.

రాయగడ_అమ్మ: నిన్న "నీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడిగాను. నలభై నిమిషాలు ఏడ్చింది. నేను వంటింట్లో ఏడ్చాను. తర్వాత కడుక్కోకుండానే అన్నం తినేసింది.

బరంపురం_నాన్న: పదిసార్లు కాదు మాస్టారూ, ఇప్పుడు పదిహేను. అమ్మా, ఆ విశాఖ ఆవిడ శనివారాలు చూస్తారా?

జయపురం_మాస్టారు: ముందు ఆర్‌సీఐ నంబరు అడగండి.